నడినెత్తిన కన్యారాశి: మదనపల్లె, పుంగనూరు, కుప్పం ఆకాశ చరిత్ర

మదనపల్లె, పుంగనూరు, కుప్పం పాత చిత్తూరు జిల్లా పడమటి మెట్ట మీద, సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున, ఉత్తరం నుంచి దక్షిణానికి వరుసగా నిలిచిన ఊళ్ళు. మదనపల్లె అక్షాంశం 13 డిగ్రీల 33 నిమిషాలు, పుంగనూరుది 13 డిగ్రీల 22 నిమిషాలు, కుప్పానిది 12 డిగ్రీల 45 నిమిషాలు. భూమధ్యరేఖకు ఒక ఊరు ఎంత ఎడంగా ఉందో అక్షాంశం చెప్పినట్టే, ఖగోళ మధ్యరేఖకు ఒక చుక్క ఎంత ఎడంగా ఉందో చెప్పే కొలతను మన సిద్ధాంత గ్రంథాలు క్రాంతి అన్నాయి. ఒక చుక్క క్రాంతి, ఒక ఊరి అక్షాంశం సమానమైతే ఆ చుక్క దినానికి ఒకసారి ఆ ఊరి నడినెత్తి మీదుగా, అంటే శిరోబిందువు మీదుగా సాగిపోతుంది. వసంత ఋతువులో రాత్రి నడిచేకొద్దీ ఈ మూడు ఊళ్ళ శిరోబిందువు దగ్గరికి వచ్చేది కన్యారాశిలోని గెలాక్సీల గుంపు; వెయ్యికి పైగా గెలాక్సీలు ఒకే ఆకర్షణకు కట్టుబడి ఉన్న ఈ మహా సమూహం మనకు సుమారు 5.4 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. దాని నడుమ కూర్చున్న పెద్ద గెలాక్సీకి ఎం87 అని పేరు. ఈ గెలాక్సీ శిరోబిందువు, అంటే అది నడినెత్తిన నిలిచే నేల మీది చోటు, గడచిన రెండున్నర శతాబ్దాలలో మదనపల్లె నుంచి కుప్పం మీదుగా దక్షిణానికి నడిచివెళ్ళిన తీరు, అదే కాలంలో ఈ నేల మీది మనుషులు ఆకాశాన్ని చూసిన తీరు, రెండూ కలిసి ఒక చరిత్ర అవుతాయి.

ఆ చరిత్ర గెలాక్సీలతో కాక వానతో మొదలవుతుంది. పెద్ద నదులు లేని ఈ మెట్టలో చెరువు, బావి, వేరుశనగ చేను అన్నీ వాన మీదే ఆధారపడినవి కనుక, రైతుకు ఆకాశం అన్నిటికన్నా ముందు ఒక పంట లెక్క. ఆ లెక్కకు కార్తె కొలమానం. సూర్యుడు తన వార్షిక గమనంలో 27 నక్షత్రాలలో ఒక్కొక్కదాని వద్ద ఉండే సుమారు 13, 14 రోజుల కాలమే కార్తె. మే చివర రోహిణి, జూన్ రెండో వారంలో మృగశిర, ఆ తరువాత ఆరుద్ర, ఇలా తొలకరి నుంచి కోతల దాకా సేద్యం పనులన్నీ ఈ పేర్ల మీదే నడిచాయి. ఇందులో సాధారణంగా గమనానికి రాని ఒక చిత్రం ఉంది. సూర్యుడు ఏ నక్షత్రంలో ఉంటే అది కార్తె అయినప్పుడు, ఆ నక్షత్రం ఆ రోజుల్లో సూర్యుని వెలుగులోనే మునిగి ఉంటుంది కనుక, ఏ కార్తె చుక్కా ఆ కార్తెలో సాధారణంగా కంటికి కనిపించదు. కనిపించేవి దానికి ఎదుటి వైపు చుక్కలు. ఏప్రిల్ నెలలో సూర్యుడు రేవతి, అశ్వినుల వద్ద ఉండగా రాత్రివేళ నడినెత్తికి వచ్చేవి మఖ, పుబ్బ, ఉత్తర, హస్త, చిత్త. ఇవి ఆగస్టు నడిమి నుంచి అక్టోబరు దాకా వచ్చే వాన కార్తెల పేర్లు. చైత్రమాసపు రాత్రి మిద్దె మీదో కళ్ళంలోనో పడుకుని పైకి చూసిన రైతుకు కనిపించింది, ఇంకా నాలుగైదు నెలలకు గాని తెలియని తన పంట భవిష్యత్తు పేర్లన్నమాట.

ఈ పేర్లు సామెతల్లోకి ఊరికే ఎక్కలేదు. మఖలో పుట్టి పుబ్బలో మాడినట్టు అన్న మాట అల్పాయుష్షుకు గుర్తుగా మిగిలింది; ఉత్తర చూసి ఎత్తర గంప అన్న మాట మరింత కఠినమైనది. సెప్టెంబరు నడుమ వచ్చే ఉత్తర కార్తె దాకా వాన కోసం ఎదురుచూసి, అప్పటికీ పడకపోతే గంప నెత్తికెత్తుకుని ఊరు విడిచి పొమ్మని దాని తాత్పర్యం. రాయలసీమ మెట్టలో వలసకు గడువు పెట్టిన చుక్క అది. ఆ ఉత్తర, ఖగోళ శాస్త్రం సింహరాశి తోకగా గుర్తించే తెల్లని నక్షత్రం. చేయి చాచి పిడికిలి పట్టి చూస్తే, దానికి తూర్పున ఒక పిడికిలి వెడల్పు దూరంలో ఎం87, దాని చుట్టూ కన్యా గుంపు ఉంటాయి. అలాగే పుబ్బ అనిపించుకునే రెండు చుక్కల్లో దక్షిణపు దానికి కొంచెం దిగువన మూడు గెలాక్సీల జట్టు ఒకటి, సుమారు 3.5 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో, చిన్న టెలిస్కోపుకు అందేంత వెలుగుతో ఉంది. హస్తకు కాస్త ఉత్తరాన, అంచు మందంగా, నడుమ నల్లని ధూళి పట్టీతో కనిపించే ఎం104 గెలాక్సీ ఉంది. వాన కార్తెల చుక్కలు ఈనాటి పరిశీలకులకు గెలాక్సీల దారి చూపే గుర్తులు కావడం యాదృచ్ఛికమే అయినా, ఈ ప్రాంతం మనిషికి ఆ దారి కొత్తగా నేర్చుకోవలసిన పని లేదు.

వసంతంలోనే ఇన్ని గెలాక్సీలు ఎందుకన్న ప్రశ్నకు జవాబు మన పాలపుంత ఆకారంలో ఉంది. మన గెలాక్సీ పలుచని చక్రం వంటిది. ఆ చక్రపు తలంలోకి చూసినప్పుడు నక్షత్రాలు, వాయువు, ధూళి దట్టంగా అడ్డుపడతాయి, తలానికి నిలువుగా చూసినప్పుడు ఆ అడ్డు చాలా తక్కువ. ఆ నిలువు దిక్కు, అంటే మన గెలాక్సీ ఉత్తర ధ్రువం, ఉత్తరకూ స్వాతికీ నడుమ ఉండే మసక చుక్కల చోట పడుతుంది. వసంత రాత్రుల్లో పాలపుంత దిగంతాల వెంట పడి ఉండి నడినెత్తి ఖాళీగా కనిపిస్తుంది గాని, ఆ ఖాళీలో నుంచే చూపు దూరం పోతుంది.

నక్షత్ర గుచ్ఛాల సంగతి వేరు. గుచ్ఛమంటే ఒకే మేఘం నుంచి ఒకే కాలంలో పుట్టి ఇంకా కలిసి ఉన్న నక్షత్రాల జట్టు. గెలాక్సీ వలె బయటిది కాదు, మన పాలపుంతకు చెందినదే. మన 27 నక్షత్రాలలో మూడు నిజానికి ఇలాంటి గుచ్ఛాల చోట్లే. తెలుగు పల్లెలు పిల్లలకోడి అని పిలిచిన కృత్తిక సుమారు 440 కాంతి సంవత్సరాల దూరంలోని గుచ్ఛం. రోహిణి వెనుక కోణాకారంగా పరుచుకున్న చుక్కలు సుమారు 150 కాంతి సంవత్సరాల దూరంలోని మరో గుచ్ఛం, ఎర్రని రోహిణి మాత్రం దానికి ముందుగా అడ్డు వచ్చిన వేరే నక్షత్రం. ఇక పుష్యమి చుక్కల నడుమ మంచు మరకలా కనిపించేది సుమారు 600 కాంతి సంవత్సరాల దూరంలోని గుచ్ఛం. గెలీలియో తన గొట్టాన్ని దాని వైపు తిప్పి ఆ మరకను నలభైకి మించిన చుక్కలుగా విడదీసి చూసి, 1610లో ఆ సంగతి అచ్చు వేశాడు. అంటే గుచ్ఛాలు కంటి పరిశీలనకే పేరు సంపాదించుకున్నాయి. గెలాక్సీల్లో చాలా వరకు టెలిస్కోపు వచ్చేదాకా ఆగవలసి వచ్చింది.

కార్తెలకూ ఋతువులకూ ఉన్న బంధం స్థిరమైనది కాదు. తిరిగే బొంగరం తల వాల్చి మెల్లగా గిరికీ కొట్టినట్టు భూమి అక్షం సుమారు 26,000 ఏళ్ళకు ఒక చుట్టు తిరుగుతుంది. దీనినే అయనచలనం అంటారు. దాని ఫలితంగా సూర్యుడు ఒక నక్షత్రాన్ని చేరే రోజు, ఋతువులతో పోల్చినప్పుడు, డెబ్బై ఏళ్ళకు సుమారు ఒక రోజు చొప్పున ఆలస్యమవుతుంది. ఖగోళజ్ఞుడు వరాహమిహిరుడు జీవించిన ఆరో శతాబ్దంలో సూర్యుని మేష ప్రవేశం వసంత విషువత్తుకు, అంటే పగలూ రాత్రీ సమానమయ్యే రోజుకు, దాదాపు ఆనుకుని ఉండేది. ఇప్పుడది ఏప్రిల్ 14 ప్రాంతంలో పడుతున్నది. ఆ లెక్కన నేడు జూన్ రెండో వారంలో మొదలయ్యే మృగశిర కార్తె అప్పట్లో నేటి మే నడిమి రోజులకు సమానమైన వేళ మొదలయ్యేది. నైరుతి రుతుపవనం అయనచలనాన్ని అనుసరించి జరిగేది కాదు. కాబట్టి మృగశిరతో తొలకరి, ఉత్తరతో గడువు అనే సామెతల లెక్క ఇప్పుడున్న రూపంలో వెయ్యేళ్ళకు మించి వెనక్కి పోవడానికి వీల్లేదనే భావించాలి. పల్లె సామెతను అనాదిగా వస్తున్నదని చెప్పడం అలవాటే. దీని విషయంలో మాత్రం ఆకాశమే అందుకు ఒప్పుకోదు.

వసంత మాసానికి చైత్రమన్న పేరు పౌర్ణమి చంద్రుడు చిత్త దగ్గర ఉండడం వల్ల వచ్చింది. మూడు రాష్ట్రాలు కలిసేచోట ఉన్న కుప్పంలో తెలుగువారు, కన్నడిగులు చైత్ర శుద్ధ పాడ్యమినాడు ఉగాది చేసుకుని పంచాంగ శ్రవణం వింటారు, తమిళులు సూర్యుని మేష ప్రవేశంతో చిత్తిరై నెలను, కొత్త సంవత్సరాన్ని మొదలుపెడతారు. ఒకటి చంద్రుణ్ణి, మరొకటి సూర్యుణ్ణి పట్టుకున్నా, రెండు లెక్కలకూ గుర్తు కన్యారాశిలోని ఆ ఒక్క చిత్త నక్షత్రమే. 1952లో మేఘనాథ్ సాహా అధ్యక్షతన ఏర్పడి 1955లో నివేదిక ఇచ్చిన పంచాంగ సంస్కరణ సంఘం కూడా నిరయన లెక్కకు, అంటే నక్షత్రాలనే స్థిరమని పట్టుకునే లెక్కకు, చిత్తకు సరిగ్గా ఎదుటి బిందువునే ఆధారం చేసుకుంది. భారత పంచాంగానికి సున్న మైలురాయి కన్యారాశిలో నాటి ఉందని చెప్పవచ్చు.

అదే అయనచలనం ఎం87ను కూడా కదిలిస్తున్నది. కన్యారాశి ప్రాంతంలో చుక్కల క్రాంతి ఏటా సుమారు 20 వికలలు, అంటే డిగ్రీలో 180వ వంతు, తగ్గుతుంది. నేల మీద లెక్క కడితే ఆ గెలాక్సీ శిరోబిందువు ఏటా సుమారు 600 మీటర్లు దక్షిణానికి జరుగుతుంది. పారిస్ పరిశీలకుడు చార్లెస్ మెస్సియే 1781 మార్చి 18 రాత్రి కన్యారాశి ప్రాంతంలో మబ్బు వంటి ఎనిమిది మచ్చలను నమోదు చేశాడు; అందులో ఒకటి ఆయన పట్టికలో 87వ అంకె అయింది. తోకచుక్కలను వెతికేవారు ఈ మసక మచ్చలను చూసి భ్రమపడకుండా ఉండేందుకే ఆ పట్టిక తయారైంది తప్ప, అవి ఏమిటో ఆయనకు తెలియదు, తెలుసుకోవాలన్న ఆత్రమూ ఆయనకు లేదు. ఆనాటి క్రాంతిని బట్టి చూస్తే 1780లలో ఆ మబ్బు మదనపల్లె నడినెత్తి మీదుగా సాగిపోయింది. కింద నేల మీద అప్పుడు రెండో మైసూరు యుద్ధం నడుస్తున్నది. మైసూరు పాలకుడు హైదర్ అలీ 1782 డిసెంబరు 7న చిత్తూరు దగ్గరి నరసింగరాయనిపేట శిబిరంలోనే కన్నుమూశాడు. సైన్యాలు తొక్కిన ఆ చేలలో కార్తెలు లెక్కపెట్టిన మనిషికి నెత్తిమీది మబ్బు కనిపించే అవకాశం లేదు, దానికి పెద్ద టెలిస్కోపే అక్కరలేకపోయినా కనీసం చిన్నదైనా కావాలి.

ఈ సరిహద్దులోకి కొలత పరికరాలతో వచ్చిన తొలి మనుషుల్లో జాన్ వారెన్ ముఖ్యుడు. టిప్పు పతనం తరువాత మైసూరు రాజ్యపు తూర్పు సరిహద్దును కొలుస్తున్న ఈ సైనికోద్యోగి 1802లో కోలారు ప్రాంతపు ఊరిగాం, మారికుప్పం పల్లెల్లో జనం మట్టి కడిగి బంగారం తీయడం పరిశీలించి నివేదించాడు. తరువాతి కోలారు గనులకు, కుప్పం వైపు బిసానత్తం, చిగరగుంట గనులకు కూడా నేపథ్యం ఆ పసిడి రాతి పట్టీయే. వారెన్‌ను బంగారంతోనే గుర్తు పెట్టుకోవడం అన్యాయం. సర్వేయరు విలియం లాంబ్టన్ 1802లో మద్రాసు సెయింట్ థామస్ కొండ వద్ద ఆధార రేఖ కొలిచి, మద్రాసు బెంగళూరుల నడుమనున్న కొండ శిఖరాలను త్రిభుజాలతో కలుపుకుంటూ పడమటికి సాగినప్పుడు, 1804లో బెంగళూరు వద్ద రెండో ఆధార రేఖను కొలిచినవాడు వారెనే. లాంబ్టన్ తన వెంట ఒక శిరోబిందు యంత్రాన్ని మోయించుకుపోయాడు. నడినెత్తికి దగ్గరగా వచ్చే నక్షత్రాలను దానితో చూసి, వాటి క్రాంతి నుంచి ఆ చోటి అక్షాంశాన్ని రాబట్టడం పద్ధతి. దిగంతం వైపు చూసినప్పుడు గాలి పొరలు కాంతిని వంచి కొలతను చెడగొడతాయి, నడినెత్తిన ఆ వంపు ఉండదు. ఒక చోటు భూమి మీద ఎక్కడుందో తేల్చడానికి దాని నడినెత్తిని చూడడమే మేలైన మార్గమని ఆ యంత్రం చెప్పింది.

వారెన్ 1805 నుంచి 1811 దాకా మద్రాసు వేధశాలకు తాత్కాలిక అధిపతిగా ఉండి, 1825లో కాల సంకలిత అనే పెద్ద గ్రంథాన్ని మద్రాసులో ప్రచురించాడు. దక్షిణాది పంచాంగకర్తలు తిథి, నక్షత్ర, గ్రహణాలను గణించే విధానాలను అందులో వివరించాడు. కాగితమూ కలమూ లేకుండా, నేల మీద గవ్వలు పేర్చి, పట్టికలన్నీ నోటికి చెప్పుకుంటూ, 1825 నాటి చంద్రగ్రహణాన్ని లెక్కకట్టిన ఒక తమిళ గణకుని సంగతి కూడా అందులో ఉంది. వేధశాల నడిపిన మనిషి పంచాంగ గణకుని ముందు కూర్చుని నేర్చుకున్నాడన్నది ఈ చరిత్రలో విలువైన ఘట్టం. తరువాతి తరం ఆంగ్ల ఖగోళజ్ఞుల్లో ఆ వినయం అరుదు. కాల సంకలిత వెలువడేనాటికి ఎం87 శిరోబిందువు పుంగనూరును దాటి కొద్ది కాలమే అయింది.

మద్రాసు వేధశాల 1792 నుంచి నుంగంబాక్కంలో పనిచేసినా, గెలాక్సీలకూ గుచ్ఛాలకూ అక్కడ పెద్దగా చోటు దక్కలేదు. ఓడలకు కాలం చెప్పడం, పటాలకు రేఖాంశం ఇవ్వడం, చుక్కల స్థానాలు కొలవడం దాని పని; దాని అధిపతి టి.జి. టేలర్ 1844లో 11,015 నక్షత్రాల పట్టిక వెలువరించాడు. టేలర్ దగ్గర నేర్చుకున్న గోడే వెంకట జగ్గారావు 1840లో విశాఖపట్నంలో స్వంత వేధశాల కట్టగా, అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దానిని నడిపి 1874 నాటి శుక్ర సంతరణాన్ని, అంటే శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటడాన్ని, గ్రహణాలను, తోకచుక్కలను పరిశీలించాడు. తెలుగువారి సొంత ఖగోళ పరిశీలనలో ఈ ఇద్దరిదీ పెద్ద పేరే గాని, వారి చూపు కూడా సౌరకుటుంబం మీదే నిలిచింది.

మళ్ళీ ఆకాశాన్ని వానతో ముడిపెట్టినది 1876–78 నాటి కరువు. మద్రాసు ప్రెసిడెన్సీలో, అందులోనూ దత్త మండలాల్లో, లక్షల మంది చనిపోయిన ఆ కాలంలోనే సూర్యుని మచ్చల పదకొండేళ్ళ చక్రానికి దక్షిణాది అనావృష్టికి సంబంధం ఉందన్న వాదం బలపడింది, డబ్ల్యు.డబ్ల్యు. హంటర్ మద్రాసు వర్షపాత లెక్కల ఆధారంగా 1877లో దాని మీద ఒక పుస్తకమే రాశాడు. సూర్యుని చదివితే వానను ముందుగా చెప్పవచ్చునన్న ఆశ, కొడైకెనాల్‌లో 1899లో సౌర వేధశాల మొదలుకావడానికి ఒక ప్రేరణ. ఆ ఆశ నెరవేరలేదు. కార్తె లెక్కించిన రైతు, సూర్యబింబాన్ని ఫోటో తీసిన ప్రభుత్వం, ఇద్దరూ అడిగిన ప్రశ్న ఒకటే అయినప్పుడు, ఒకరిది మూఢనమ్మకమనీ మరొకరిది విజ్ఞానమనీ తేలికగా విడదీయడం కష్టం. ఏమైనా కొడైకెనాల్ నిలిచింది, అక్కడి నుంచే కథ మళ్ళీ ఈ మూడు ఊళ్ళ పొరుగుకు వచ్చింది.

దాన్ని తీసుకువచ్చిన వ్యక్తి ఆకాశాన్ని తెలుగు నేల మీదే నేర్చుకున్నాడు. వేణు బప్పు 1927లో మద్రాసులో మలయాళీ కుటుంబంలో పుట్టి, తండ్రి ఉద్యోగం చేసిన హైదరాబాదు నిజామియా వేధశాల ఆవరణలో పెరిగాడు. నవాబ్ జఫర్ జంగ్ 1901లో నెలకొల్పగా, ఆయన మరణానంతరం నిజాం ప్రభుత్వం చేపట్టిన ఆ సంస్థ, ఆకాశమంతటినీ ఫోటోలలోకి ఎక్కించాలన్న ప్రపంచ దేశాల ఉమ్మడి పథకంలో పాలు పంచుకుని, తన వంతు పట్టీల్లోని లక్షల నక్షత్రాల స్థానాలను కొలిచింది. బప్పు నిజాం కళాశాలలో చదివి, హైదరాబాదు ప్రభుత్వ ఉపకార వేతనంతో 1949లో హార్వర్డ్ చేరి, ఆ ఏడే ఒక తోకచుక్కను కనుగొన్న ముగ్గురిలో ఒకడయ్యాడు. గోళాకార గుచ్ఛాలు, అంటే లక్షల వృద్ధ నక్షత్రాలు బంతిలా ముద్దకట్టిన గుచ్ఛాలు, పరుచుకున్న తీరును బట్టి సూర్యుడు పాలపుంత నడుమ లేడని 1918లో తేల్చిన హార్లో షేప్లీ ఆనాడు అక్కడి వేధశాల అధిపతి.

1960లో కొడైకెనాల్ బాధ్యత చేపట్టిన బప్పుకు రాత్రి ఆకాశానికి తగిన చోటు కావలసి వచ్చింది. ఆయన ఎంచుకున్నది తమిళనాడు జవ్వాది కొండల్లోని కావలూరు. కుప్పానికి నేరుగా కొలిస్తే సుమారు 55 కిలోమీటర్లు ఆగ్నేయంగా, సుమారు 725 మీటర్ల ఎత్తున, 12 డిగ్రీల 34 నిమిషాల అక్షాంశంపై ఉంది. 1968లో దేశంలోనే తయారైన 38 సెంటీమీటర్ల టెలిస్కోపుతో అక్కడ పని మొదలైంది. 1972లో జర్మనీ నుంచి వచ్చిన జైస్ కంపెనీ 102 సెంటీమీటర్ల టెలిస్కోపు ఆ ఏడే గురుగ్రహ ఉపగ్రహమైన గానిమీడ్ చుట్టూ వాతావరణపు జాడను, 1977లో యురేనస్ వలయాల జాడను పట్టుకోవడంలో పాలు పంచుకుంది. బప్పు 1982లో మ్యూనిక్‌లో మరణించాడు. ఆయన తలపెట్టిన 234 సెంటీమీటర్ల టెలిస్కోపు, అద్దం బెంగళూరులో అరగదీసి నునుపు చేసినది, 1986 జనవరి 6న ప్రధాని రాజీవ్ గాంధీ చేతుల మీదుగా ప్రారంభమై, వేధశాలతో పాటు ఆయన పేరే పొందింది. అయనచలనపు లెక్క ప్రకారం ఎం87 శిరోబిందువు 1935 ప్రాంతంలో కుప్పాన్ని దాటి, సుమారు 1966 నాటికి, అంటే వేధశాల పనులు మొదలవుతున్న రోజులకు, కావలూరు మీదికి వచ్చింది. ఎవరూ దాన్ని చూసి చోటు ఎంచుకోలేదు. నల్లని అడవి ఆకాశం, నిలకడైన గాలి, భూమధ్యరేఖకు దగ్గరి అక్షాంశం, బెంగళూరు నుంచి చేరగల దారి, ఇవే కారణాలు.

కావలూరులో పరిశీలనకు అనువైన రాత్రులు ఎక్కువగా దొరికేది ఈశాన్య రుతుపవనం వెనుదిరిగిన తరువాత, జనవరి నుంచి మే వరకు. ఆ అయిదు నెలలే చెరువులు అడుగంటి, బావుల్లో చేద నేలకు తగిలి, పశువులకు మేత కరువయ్యే కాలం. రైతు భయపడిన మబ్బులేని ఆకాశమే వేధశాలకు పెట్టుబడి. రెండు రుతుపవనాలూ కమ్ముకునే చోట వేధశాల ఏమిటన్న విమర్శ లేకపోలేదు. తరువాతి తరం టెలిస్కోపు 2000లో లడాఖ్‌లోని హాన్లేకు పోవడానికి వాన కూడా ఒక కారణం. అయితే దక్షిణాకాశం విషయంలో హాన్లే కావలూరుకు సాటి రాదు.

అందుకు మంచి ఉదాహరణ ఒమేగా సెంటారి. సుమారు 17,000 కాంతి సంవత్సరాల దూరంలో, కోటి నక్షత్రాలతో, పాలపుంత గోళాకార గుచ్ఛాల్లో అన్నిటికన్నా పెద్దదైన దీనిని టాలమీ ఒక నక్షత్రంగానే పట్టికలో చేర్చాడు. 1677లో ఎడ్మండ్ హేలీ సెయింట్ హెలినా ద్వీపం నుంచి చూసి అది చుక్క కాదని గుర్తించాడు. లండన్, పారిస్ నగరాల్లో అది ఎప్పుడూ ఉదయించదు. కుప్పంలో దక్షిణ దిగంతానికి దాదాపు 30 డిగ్రీల ఎత్తుకు, మదనపల్లెలో 29 డిగ్రీలకు చేరుతుంది. దానికి కొంచెం పైన, 1826లో జేమ్స్ డన్లప్ ఆస్ట్రేలియా నుంచి కనుగొన్న ధూళి పట్టీ గెలాక్సీ ఉంటుంది. ఉత్తరార్ధగోళపు గెలాక్సీ సంపద నడినెత్తిన, దక్షిణార్ధగోళపు పెద్ద గుచ్ఛం కొండల మీద, రెండూ ఒకే రాత్రి ఇంత అనువుగా దొరికే అక్షాంశం ఇది.

ఆ ధూళి పట్టీ గెలాక్సీ, ఎం87, రెండూ బలమైన రేడియో తరంగాలను వెదజల్లుతాయని 1949లో ఆస్ట్రేలియాలో బోల్టన్ బృందం గుర్తించింది. మదనపల్లెకు దాదాపు సరిగ్గా పడమరన, సుమారు 115 కిలోమీటర్ల దూరంలో, హిందూపురానికి పొరుగునున్న గౌరీబిదనూరులో 1976 నుంచి ఉన్న రేడియో యాంటెనాల క్షేత్రం, వెయ్యి యాంటెనాలను టి ఆకారంలో పరిచి 34.5 మెగాహెర్ట్జ్ దగ్గర ఆకాశాన్ని పటంగా గీసింది. దీనికి మబ్బుతో పని లేదు, పౌర్ణమితోనూ పని లేదు. రేడియో తరంగాలకు పౌర్ణమి అడ్డు కాదన్న సంగతి మరోచోట కూడా రుజువైంది: ఎం87 నడుమనున్న కృష్ణబిలం చిత్రానికి ఆధారమైన పరిశీలనలు 2017 ఏప్రిల్ 5 నుంచి 11 వరకు జరిగాయి, హేవిళంబి నామ సంవత్సర చైత్రంలో అవి శ్రీరామనవమి నుంచి పౌర్ణమి దాకా ఉన్న రోజులు. ఆ కృష్ణబిలం ద్రవ్యరాశి 650 కోట్ల సూర్యులకు సమానమని లెక్కతేలి, చిత్రం 2019 ఏప్రిల్ 10న వెలువడింది. ఆ పరిశీలనలో పాల్గొన్న ఎనిమిది టెలిస్కోపుల్లో ఒక్కటీ భారతదేశానిది కాదు.

కంటితోనో చిన్న టెలిస్కోపుతోనో చూసేవారికి మాత్రం పంచాంగం ఎదురు తిరుగుతుంది. చైత్రానికి పేరిచ్చిన పౌర్ణమే వారికి పనికిరాని రాత్రి, చంద్రుని వెలుగు కన్యారాశి నడుమనే పడి మసక గెలాక్సీలన్నిటినీ మింగేస్తుంది. చైత్ర బహుళంలోని చివరి రోజులు, వైశాఖ శుద్ధంలోని తొలి రోజులు వారికి అనువైనవి. టమాటా వ్యాపారంతో రాత్రంతా మేలుకునే మదనపల్లె వీధుల నుంచి కనిపించేది కొద్దే. 1,265 మీటర్ల హార్స్లీ కొండ మీద, కుప్పం వెనుకనున్న అడవి అంచుల్లో, పుంగనూరు చెరువు గట్ల మీద మేలు. ఏప్రిల్ చివర రాత్రి పది గంటలకు ఎం87 నడినెత్తికి చేరుతుంది, మరో గంట తరువాత ఒమేగా సెంటారి దక్షిణాన నిలుస్తుంది. మామూలు బైనాక్యులర్‌లో మొదటిది అతి మసక చుక్క, రెండోది నూలు ఉండంత స్పష్టమైన గుండ్రని వెలుగు. పుష్యమి గుచ్ఛం అప్పటికి పడమటికి వాలి ఉంటుంది కనుక, చీకటి పడగానే ముందుగా దాని వైపే చూడడం మంచిది.